సగానికి మరిగిన నీళ్లు

బుచ్చిరాములు రెండు చేతులూ చాచాడు. ఎనిమిది నెలల గౌతమ్ తల్లి చంకలోంచి ముందుకు వాలి, కొత్తగా మొలిచిన రెండు పళ్లూ చూపిస్తూ నవ్వాడు. అంతలో శారదమ్మ తాతా మనవళ్ల మధ్యకు వచ్చి నిలబడింది.

"అన్నా, ఏమనుకోకు. పిలగాన్ని జర ఎత్తుకోకు."

శారదమ్మ అతని వియ్యపురాలు, అల్లుడు దుర్గేష్ తల్లి. ఉప్పల్‌లో కొడుకు కొన్న ఈ మూడో అంతస్తు ఫ్లాట్‌లో మనవడి ఆలనాపాలనా అంతా ఆమె చేతి మీదుగానే నడుస్తోంది.

"ఎందుకు చెల్లె? జలుబు గిట్ల అయిందా వానికి?"

"జలుబు గాదు. నువ్వు గా యురేనియం ఫ్యాక్టరీల ముప్పై నాలుగేండ్లు చేసినవ్ గద. అది ఒంట్లకు వోతే మల్ల బయటికి రాదంట. బొక్కలల్ల కూసుంటదంట. ఫోన్ల వీడియో వచ్చింది. గసుంటోల్లు ముట్టుకుంటే పసిపిల్లలకు మంచిది గాదంట."

"ముట్టుకుంటే అంటుకోనీకి అదేమన్న గజ్జినా?"

"నాకేం ఎరుక? మన స్వర్ణనే చెప్పింది. చిన్నప్పుడు నువ్వు డ్యూటీకెళ్లి వచ్చి తానం జేసేదాంక దీన్ని దగ్గరికి రానియ్యకపోతుంటివంట. ఉత్తగనే రానియ్యవా మరి?"

అతను కూతురి వైపు చూశాడు. స్వర్ణలత టైల్స్ వైపు చూసింది. 'అట్ల కాదత్తా' అని ఒక్క మాట ఆమె నోటి నుంచి రాలేదు. శారదమ్మ మాటకు రాని కోపం, ఆ మౌనానికి వచ్చింది బుచ్చిరాములుకు. చాచిన చేతులు ఏం చేయాలో తెలియక లుంగీకి తుడుచుకున్నాడు.

జనగామ దగ్గరి పల్లె నుంచి ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్ పట్టుకుని నాచారం వచ్చినప్పుడు అతనికి ఇరవై ఏళ్లు. మొదట రేకు డబ్బాలు చేసే షెడ్డులో ప్రెస్సు తొక్కాడు. ఇరవయ్యారో ఏట, కరెంటు తయారుచేసే రియాక్టర్లకు ఇంధనం తయారుచేసే సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది. నల్లటి పొడిని అచ్చులో వేసి నొక్కుతారు. పదిహేడు వందల డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. బొటనవేలి కొసంత బిళ్ల బయటికి వస్తుంది. అలాంటి బిళ్లలను లోహపు గొట్టాల్లో వరసగా పేర్చి మూతులు మూసేస్తారు. మొదటి రోజు గ్లవ్జులు వేసుకుని ఒక బిళ్లను అరచేతిలో పెట్టుకున్నప్పుడు, ఇంత చిన్నదానికి ఇంత బరువేమిటని అతను బిత్తరపోయాడు. సీసం గోలీలా ఉంది. "ఒక్క బిళ్లతో చిన్న ఇంటికి నాలుగైదు నెలలు లైట్లు, ఫ్యాన్లు నడుస్తయ్" అని సూపర్‌వైజర్ చెప్పాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి బల్బు వైపు చూస్తూ కూర్చుంటే భార్య ఉప్పలమ్మ "ఏంది, ఎన్నడు సూడనట్టు సూస్తున్నవ్" అని నవ్వింది.

బస్తీలో అతని పేరు బాంబు రాములు అయిపోయింది. సెలూన్‌లో మంగలి దువ్వెన ఆపి, "అన్నా, చీకట్ల మెరుస్తవా నువ్వు?" అనేవాడు. "మెరుస్త. కరెంటు పోతే నీ షాపుకాడ నిలవడ్త, గంటకు పది రూపాయలియ్యి" అనేవాడు బుచ్చిరాములు. అన్నేళ్లూ నవ్వుతూనే జవాబు చెప్పాడు. తెలియక అడుగుతున్నారు, పాపం, అనుకునేవాడు.

తెలిసిన సంగతి అతనికి బాగా తెలుసు. యురేనియం భూమి పుట్టినప్పటి నుంచీ ఉంది. అందులో సగం తరిగిపోవడానికే భూమి వయసంత కాలం పడుతుంది. అంత నిదానంగా కాలేది, అంత తక్కువగానే సెగ విసురుతుంది. అది విసిరే కిరణాల్లో ముఖ్యమైనవి ఒక కాగితాన్ని, ఒంటి మీది చర్మాన్ని కూడా దాటలేవు. బయట ఉన్నంతసేపూ దానితో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా లోపలికి పోతేనే. పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, నోట్లో పడకూడదు. నీళ్లలో కరిగి కడుపులోకి పోతే కిరణాల కన్నా ముందు అది లోహంగానే దెబ్బ తీస్తుంది, సీసంలాగా. ఆ దెబ్బ కిడ్నీల మీద పడుతుంది.

అందుకే అక్కడ చాయ్ లేదు, జర్దా లేదు. లోపలికి పోయేటప్పుడు బట్టలు వేరు, చెప్పులు వేరు. బయటికి వచ్చేటప్పుడు స్నానం, ఆపైన పొడి అంటుకోలేదని చేతులూ కాళ్లూ మిషను మీద పెట్టి చూపించుకోవడం. ఏడాదికి ఇన్నిసార్లని మూత్రం సీసాలో పట్టి ఇవ్వాలి. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అతని రిపోర్టు గీత దాటలేదు. ఆ కాగితాలన్నీ ఒక రేకు పెట్టెలో ఉన్నాయి.

ఫ్యాక్టరీలో అంత కడుక్కుని వచ్చినా, ఇంటికి రాగానే మళ్లీ స్నానం చేసేవాడు. అది రూలు కాదు, అతని భయం. ఉప్పలమ్మ వాకిట్లో బకెట్టు నింపి ఉంచేది. చిన్న స్వర్ణలత "నాయినా" అని ఉరికి వస్తుంటే గట్టిగా అరిచేవాడు: "ఆగు! ముట్టుకోకు!" పిల్ల ఉలిక్కిపడి గుమ్మం దగ్గరే ఆగిపోయేది. తండ్రి జుట్టు తుడుచుకునేదాకా వేళ్లు చీకుతూ నిలబడేది. ముప్పై ఏళ్ల కింద తాను అరిచిన అరుపే ఇవాళ శారదమ్మ నోట తిరిగి తనకే వచ్చింది. ఉప్పలమ్మ ఉంటే నాలుగు దులిపేసేది. ఆమె పోయి నాలుగేళ్లయింది.

"కూసో మామా, చాయ్ తాగు" అన్నాడు దుర్గేష్, తల్లి వైపు చూడకుండా. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సర్వీసు ఉద్యోగం అతనిది. ఎక్కడ ఏది ఇరుక్కున్నా విడదీస్తాడు, తల్లికీ పెళ్లానికీ మధ్య మాట ఇరుక్కుంటే మాత్రం ఫోను పట్టుకుని బాల్కనీలోకి పోతాడు.

బుచ్చిరాములు సోఫా అంచున కూర్చున్నాడు. అక్కడి నుంచి వంటింట్లో పొయ్యి కనిపిస్తోంది. స్టీలు గిన్నెలో నీళ్లు సలసలా మరుగుతున్నాయి. గిన్నె లోపలి అంచున సున్నం పూసినట్టు తెల్లటి చార.

"ఏం కాగవెడుతున్నవ్ చెల్లె?"

"పిలగానికి వాము నీళ్లు. రెండు లీటర్లు వోసి ఒక లీటరు అయ్యేదాంక మరగవెడ్త. గవ్వే తాపిస్త, గవ్వే జావల వోస్త, పాలపొడి గూడ గవ్వే."

"నల్లా నీళ్లేనా?"

"నల్లా నీళ్లు ఎవలు వోస్తరన్నా పసిపోరనికి? బ్లీచింగు కంపు. అవి మేం తాగుతం. వీనికి బోరు నీళ్లే. భూమిలకెల్లి వచ్చే నీళ్లు, ఎవని చెయ్యి తాకంది."

బుచ్చిరాములు చాయ్ కప్పు కింద పెట్టాడు. "బోరు ఎంత లోతు దుర్గేషు?"

"పాతది ఎండిపోయింది మామా. మొన్న ఎండకాలం కొత్తది కొట్టిన్రు. పదమూడు వందల ఫీట్లు."

ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో ఒక ఆఫీసర్ చెప్పిన పాఠం అతనికి గుర్తొచ్చింది. ఈ ఊరంతా గ్రానైటు బండ మీద కూర్చుంది. టన్ను బండలో యురేనియం నాలుగైదు గ్రాములు ఉంటుంది, అంతే. కానీ నీళ్లు లోతైన పగుళ్లలో ఏళ్ల తరబడి కదలకుండా నిలబడితే, కొద్దికొద్దిగా దాన్ని కరిగించుకుంటాయి. అన్ని చోట్లా ఒకేలా ఉండదు. కొలిస్తేగాని చెప్పలేం.

అతను లేచి రెండు ఖాళీ సీసాలు అడిగాడు. ఒకదాంట్లో బోరు కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో పొద్దున మరిగించి చల్లార్చి ఉంచిన నీళ్లు పట్టుకున్నాడు. శారదమ్మ మొహం చిట్లించింది. "ఎత్తుకోకు అన్ననని నా నీళ్లకు వంక వెడుతున్నవా అన్నా?"

"అవును" అన్నాడు బుచ్చిరాములు. "కోపం వచ్చే పోతున్న. కాని వంక గాదు." గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఇవి కొలిచేదాంక పిలగానికి నల్లా నీళ్లు తాపియ్యున్రి. పది నిమిషాలు కాగితే చాలు."

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబ్ ఒకటి ఉంది. అక్కడి రాఘవేంద్ర ఒకప్పుడు బుచ్చిరాములు ఫ్యాక్టరీలోనే కెమిస్టు. రిటైరయ్యాక ఊరికే ఉండలేక ఇక్కడ కూర్చుంటున్నాడు. సీసాలు తీసుకున్న రెండో రోజు సాయంత్రం ఫోను చేసి రమ్మన్నాడు.

"ఈ నీళ్లు ఎవరివి రాములన్నా?"

"నా మనవనియి."

రాఘవేంద్ర కళ్లద్దాలు తీసి తుడిచాడు. "సీసాలో మందు చుక్క వేసి వెలుగు కొడితే యురేనియం ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎంత ఉంటే అంత మెరుపు. లీటరుకు ముప్పై మైక్రోగ్రాములు దాటకూడదు. బోరు నీళ్లలో ఎనభై నాలుగు ఉంది."

"రెండోదాంట్ల?"

"నూట యాభై ఆరు. ఏం చేశారు దాన్ని? ఆవిరిగా పోయేది నీళ్లేగానీ యురేనియం కాదు కదా! మరిగించి చిక్కబరిచారు, కషాయంలాగా."

ముప్పై నాలుగేళ్లు మాస్కు కట్టుకుని, గ్లవ్జులు తొడుక్కుని, తన ఒంట్లోకి రానివ్వకుండా కాపలా కాసిన లోహం. దాన్ని చెంచాతో, జోలపాట పాడుతూ, తన మనవడి నోట్లో పోస్తున్నారు. తనను ముట్టుకోనివ్వకుండా ఆపిన చేత్తోనే పోస్తున్నారు.

"బెదిరిపోకు అన్నా" అన్నాడు రాఘవేంద్ర. "ఆ ముప్పై అనేది జీవితాంతం తాగినా ఫరవాలేదని జాగ్రత్తగా పెట్టిన గీత. దాటగానే విషం కాదు. పిల్లాడు ఎన్నాళ్లుగా తాగుతున్నాడు?"

"అన్నం వెట్టినప్పటి సంది. రెండు నెలలు."

"ఇవాళే మాన్పించు. పిల్లల డాక్టరుకు ఈ కాగితం చూపించి కిడ్నీల పరీక్ష ఒకసారి చేయించు. తాగడం ఆపితే ఒంట్లోది చాలావరకు మూత్రంలో వెళ్లిపోతుంది. కానీ ఆపాలి. వాళ్లు ఆపుతారా?"

ఆ ప్రశ్నే అతన్ని నాచారం నుంచి ఉప్పల్ దాకా తరిమింది. రింగురోడ్డు దగ్గర మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్ ఆగిపోయింది. టీవీఎస్ ఎక్సెల్ మీద కూర్చుని తనలో తాను తిట్టుకుంటున్నాడు. ఎవరిని తిడుతున్నాడో అతనికే సరిగా తెలియదు. వీడియో చేసినవాణ్ణా, బోరు కొట్టినవాణ్ణా, చెప్పకుండా తల దించుకున్న కూతుర్నా, పసిపిల్లను గుమ్మంలో నిలబెట్టి అరిచిన తననా. పక్క ఆటోవాడు "ఏమైంది కాకా, సిగ్నల్‌ను తిడుతున్నవా?" అన్నాడు. "తిడితే వడ్తదా?" అని కసిరాడు.

ఫ్లాట్‌లో అడుగుపెట్టేసరికి పొయ్యి మీద అదే గిన్నె, అదే మరుగు. శారదమ్మ ఒళ్లో గౌతమ్, చేతిలో చెంచా.

"ఆపు చెల్లె!"

ఆ అరుపుకు పిల్లవాడు ఉలిక్కిపడి ఏడుపు ఎత్తుకున్నాడు. స్వర్ణలత లోపలి గదిలోంచి పరుగున వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అచ్చం చిన్నప్పటిలాగే.

బుచ్చిరాములు కాగితం బల్ల మీద పెట్టాడు. ఎనభై నాలుగు, నూట యాభై ఆరు, ముప్పై. మూడు అంకెలనూ వేలితో చూపించి చెప్పాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"నా ఒంట్ల యురేనియం ఉందని పిలగాన్ని ఇయ్యకపోతిరి. నా ఉచ్చ ముప్పై నాలుగేండ్లు కొలిచిన్రు. రిపోర్టులు పెట్టెల ఉన్నయ్, తెచ్చి సూపిస్త. మీరు వీని నీళ్లు ఒక్కపారన్న కొలిచిన్రా? మీటరు వెట్టిన్రా, సీసా వట్టిన్రా? వీడియో సూసిన్రు!"

"మరగవెడ్తే పురుగు చస్తది గదన్నా" అంది శారదమ్మ. గొంతులో పట్టుదల ఇంకా ఉంది.

"పురుగు చస్తది. ఇది పురుగు గాదు. రాయి. రాయిని మరగవెడ్తే చస్తదా?"

శారదమ్మ గిన్నె వైపు చూసింది. తర్వాత ఎవరికో చెబుతున్నట్టు అంది: "దుర్గేష్ కన్న ముందు ఒకడు ఉండె నాకు. వాగు నీళ్లు తాగి వాంతులు, మోషన్లు. దవాఖానకు తీస్కపోయేలోపట పోయిండు. నర్సమ్మ అన్నది, కాగవెట్టి తాపితే బతుకుతుండె అని. గప్పటికెల్లి కాగవెడ్తున్న. ఎంత ఎక్కువ మరిగితే గంత మంచిదనుకున్న. సగం చేసిన." చెంచా ఆమె చేతిలో ఇంకా అలాగే ఉంది. "నేను వోసిననా వీనికి?"

దుర్గేష్‌కు ఆ అన్న సంగతి తెలిసినట్టు లేదు. ఫోను పక్కన పెట్టి తల్లి దగ్గరికి వచ్చాడు.

బుచ్చిరాములు కోపానికి పోవడానికి చోటు లేకపోయింది. ఈమె మీద వేయలేడు. "నువ్వు చేసింది వాగు నీళ్లకు కరెక్టే చెల్లె" అన్నాడు చివరికి. "ఇది వేరే నీళ్లు. నీకు ఎవలు చెప్పిన్రు? ఎవలు చెప్పలే. నల్లా నీళ్లు పది నిమిషాలు కాగవెట్టు, చాలు. కంపు పోతది, పురుగు పోతది. డాక్టరుకాడికి పొద్దుగాల పోదాం."

స్వర్ణలత వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆర్పింది. గుడ్డతో పట్టుకుని గిన్నెను సింకులోకి వంచింది. ఆవిరి ఆమె ముఖం మీదికి లేచింది.

దుర్గేష్ రిపోర్టు ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. పది నిమిషాలు కాలేదు, బెల్లు మోగింది. అసోసియేషన్ సెక్రటరీ చలపతిరావు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రిటైర్డ్ గుమాస్తా. చొక్కా జేబులో పెన్నులాంటి మీటరు ఎప్పుడూ ఉంటుంది, నీళ్లలో ముంచితే అంకె చూపిస్తుంది.

"ఏంటి దుర్గేష్‌గారూ, గ్రూపులో ఆ బాంబేంటండీ! నేను ప్రతి నెలా మీటరు పెట్టి చూస్తున్నానుగా. ఆరొందల లోపే ఉంటోంది."

"మీ మీటరు ఉప్పు చూస్తది సారూ" అన్నాడు బుచ్చిరాములు. "కూరల ఉప్పు సరిపోయిందా లేదా చెప్తది. విషం కలిసిందా లేదా చెప్పదు."

"మీరెవరండీ?"

"ఈ పిలగాని తాతను."

"సరేనండీ, కాదనను. కానీ పై రెండు ఫ్లోర్లలో నాలుగు ఫ్లాట్లు ఇంకా అమ్ముడుపోలేదు. ఇది బయటికి పొక్కితే ఎవడు కొంటాడు? ముందు ఆ ఫొటో తీసేయండి. జనరల్ బాడీలో మెల్లగా మాట్లాడుకుందాం. వచ్చే నెల ఉంది."

"వచ్చే నెల దాంక పిల్లలు నీళ్లు తాగరా సారూ?"

"అంత గట్టిగా అరుస్తారేంటండీ!"

దుర్గేష్ ఫోను చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. బొటనవేలు తెర మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కాడు. ఫొటో పోయింది. బాల్కనీ వైపు రెండడుగులు వేశాడు కూడా.

బుచ్చిరాములు బల్ల మీది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పైన ఎవలింట్ల చిన్నపిల్లలున్నరు?" అని కూతుర్ని అడిగాడు.

"నాలుగో ఫ్లోరుల సుష్మక్క ఉన్నది. పాపకు నాలుగు నెలలు, డబ్బా పాలే. ఐదుల కవలలు" అంది స్వర్ణలత. అని, ఆగి, అత్త ఒళ్లోంచి గౌతమ్‌ను తీసుకుంది. శారదమ్మ అడ్డు రాలేదు. స్వర్ణలత తండ్రి దగ్గరికి నడిచి వచ్చి పిల్లవాణ్ణి ముందుకు చాపింది.

బుచ్చిరాములు ఒకడుగు వెనక్కి వేశాడు. "బయటికెల్లి వచ్చిన బిడ్డా. చేతులు గూడ కడుక్కోలే."

"ఏ నీళ్లతోటి కడుక్కుంటవ్ నాయినా?" అంది ఆమె. "వట్టుకో."

పిల్లవాడు అతని మెడ చుట్టూ చేయి వేసి, ఏడుపు మరిచిపోయి, జేబులోని కాగితం కోసం వేళ్లు జొనిపాడు. అనుకున్న దానికన్నా బరువున్నాడు.

"పోదాం పా" అన్నాడు వాడితో.

చలపతిరావు గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు. "మీరు ఇంటింటికీ తిరిగి భయపెడితే నేను ఊరుకోనండీ, చెబుతున్నా..."

"ఊకోకున్రి" అన్నాడు బుచ్చిరాములు, పిల్లవాణ్ణి ఇంకో చంకకు మార్చుకుంటూ. "నా ఎంబడి వచ్చి నిలవడి, ఏం గాదు తాగున్రి అని మీ నోటితోటి చెప్పున్రి. రాన్రి."

చలపతిరావు పక్కకు జరిగాడు. వెంట మాత్రం రాలేదు.

లిఫ్టు కోసం ఆగకుండా బుచ్చిరాములు మెట్లెక్కాడు. మోకాళ్లు నొప్పి పెట్టాయి. వెనక చెప్పుల చప్పుడు వినిపించి తిరిగి చూస్తే శారదమ్మ. చేతిలో ఖాళీ గిన్నె, లోపల తెల్లటి చార అలాగే ఉంది. "నువ్వు చెప్తే నమ్మరన్నా" అంది ఆయాసపడుతూ. "నేను చెప్త."

నాలుగో అంతస్తులో సుష్మ వాళ్ల తలుపు కొట్టాడు. లోపల ఎక్కడో నీళ్లు మరుగుతున్న చప్పుడు, మూత టకటక కొట్టుకుంటోంది. ఎవరూ తీయలేదు. ఈసారి పిడికిలితో కొట్టాడు.

"ఎవరూ?" అంది లోపలి నుంచి ఆడగొంతు. "ఒక్క నిమిషం ఆగండి, పాపకు పాలు కలుపుతున్నా!"

"కలపకు బిడ్డా!" అని అరిచాడు బుచ్చిరాములు.

చంకలో గౌతమ్ ఈసారి ఉలిక్కిపడలేదు. తాత నోట్లో వేలు పెట్టి, ఆ అరుపు ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతున్నాడు.